వేడికి కదిలే ప్రవాహాలు: గణిత విశ్లేషణకు ఏ సమీకరణాన్ని ఎంచుకోవాలి?

కింది నుంచి వేడిచేసిన ద్రవపు పొర ఒక హద్దు దాటగానే తనంతట తానే కదలడం మొదలుపెడుతుంది. అడుగున వేడెక్కిన భాగం తేలికై పైకి లేస్తుంది, పైన చల్లబడిన భాగం బరువెక్కి దిగుతుంది. దీనికే ఉష్ణ సంవహనం అని పేరు. ఈ కదలికను వర్ణించే సమీకరణాలు మాత్రం అరడజనుకు పైనే ఉన్నాయి. ఈ రంగంలో కొత్తగా అడుగుపెట్టే విద్యార్థి సాధారణంగా వాటిలో ఏది ‘అసలైనది’ అని వెతికి, దానితో కుస్తీ మొదలుపెడతాడు. నేను ఇచ్చే సలహా దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు ప్రశ్న రాసుకోండి. ఆ ప్రశ్న చచ్చిపోకుండా మిగిలే సమీకరణాల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని తీసుకోండి. ప్రకృతికి దగ్గరగా ఉండటం మంచి గుణమే, కానీ గణితంలో దానికి చెల్లించవలసిన మూల్యం చాలా ఎక్కువ.

## ఎంపికకు ముందు చూడవలసినవి

అన్నిటికన్నా ముందు, ప్రశ్న ఏ జాతికి చెందినదో తేల్చుకోవాలి. సంవహన గణితంలో ప్రశ్నలు దాదాపుగా నాలుగు గుంపుల్లో పడతాయి. నిశ్చల స్థితి ఎప్పుడు చెదురుతుంది అన్నది మొదటిది. సాధన ఉందా, ఒకటే ఉందా, ఎల్లకాలం నునుపుగా (ఎన్నిసార్లయినా అవకలనం చేయగలిగేలా) ఉంటుందా అన్నది రెండోది. ప్రవాహం ఎంత వేడిని మోసుకుపోగలదు అన్నది మూడోది. చాలా కాలం గడిచాక ప్రవాహం ఎలా ప్రవర్తిస్తుంది, అందులో క్రమం ఉంటుందా గందరగోళం ఉంటుందా అన్నది నాలుగోది. ఒకే సమీకరణం ఈ నాలుగింటికీ బాగా అమరడం అరుదు.

తర్వాత మూడు సంఖ్యలతో పరిచయం ఉండాలి. రేలీ సంఖ్య ఉత్ప్లవన బలాన్ని స్నిగ్ధతతోను, ఉష్ణ వ్యాపనంతోను పోల్చి చెబుతుంది. ఉష్ణోగ్రతల తేడాతో పాటు, పొర మందం ఘనంతో పాటు ఇది పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర 5 మిల్లీమీటర్ల నీటి పొరకు కింద, పైన ఒక డిగ్రీ తేడా ఉంటే దీని విలువ దాదాపు 1,770. మందం రెట్టింపైతే అది 14 వేలు దాటుతుంది. ప్రాంట్ల్ సంఖ్య స్నిగ్ధతకు, ఉష్ణ వ్యాపనానికి ఉన్న నిష్పత్తి. ఇది గాలికి 0.7, నీటికి 7 దగ్గర ఉంటుంది. పాదరసానికి వందో వంతుల్లో ఉంటుంది. భూమి పైపెంకు కింద ఉండే ప్రావారపు రాతికి 10 పక్కన ఇరవైకి పైగా ఘాతం వేయాలి. మూడోదైన నుసెల్ట్ సంఖ్య, ద్రవం కదలకుండా ఉంటే ప్రసరించే వేడికన్నా ఇప్పుడు ఎన్ని రెట్లు ప్రసరిస్తోందో చెబుతుంది.

చివరి ప్రమాణం పనిముట్లు. శక్తి అంచనాలు, గరిష్ఠ సూత్రం చాలునా, లేక హార్మోనిక్ విశ్లేషణ లోతుగా రావాలా, కంప్యూటర్ సాయంతో చేసే నిరూపణల్లోకి దిగాలా? దీనికి నిజాయతీగా జవాబు చెప్పుకున్నవాళ్లకు తర్వాత ఏళ్లు కలిసివస్తాయి.

ముందుగా మొత్తం చిత్రం ఇది:

| నమూనా | మూడు మితుల్లో నునుపైన సాధన ఎల్లకాలం ఉంటుందా? | ఏ ప్రశ్నకు బాగుంటుంది | ఎక్కడ మోసం చేస్తుంది |
|---|---|---|---|
| బూసినెస్క్ | తెలియదు | స్థిరత్వం, వేడి హద్దులు | సాంద్రత బాగా మారే చోట |
| ద్విమితీయ బూసినెస్క్ | వర్తించదు. రెండు మితుల్లో స్నిగ్ధత, వ్యాపనం ఉంటే ఉంటుంది | సాధన నునుపుదనం, విస్ఫోటం (పరిమిత కాలంలో విలువలు అనంతమవడం) | త్రిమితీయ అల్లకల్లోలం ఇందులో లేదు |
| అనంత ప్రాంట్ల్ | ఉంటుంది | వేడి హద్దులు | గాలికి, నీటికి పనికిరాదు |
| సచ్ఛిద్ర మాధ్యమం | వ్యాపనం ఉంటే ఉంటుంది | దాదాపు అన్నీ | జడత్వం లేదు |
| ప్రిమిటివ్ సమీకరణాలు | స్నిగ్ధత, వ్యాపనం ఉంటే ఉంటుంది | సముద్రం, వాతావరణం | నిలువు వేగం తీవ్రంగా ఉంటే |
| లోరెంజ్ | ఉంటుంది, ఇవి సాధారణ అవకలన సమీకరణాలు | గందరగోళం | నిజ ప్రవాహం గురించి చెప్పదు |
| సంపీడ్య ప్రవాహం | బలహీన సాధనలే (సమీకరణాన్ని సగటు అర్థంలో తృప్తిపరిచేవి) సాధారణం | ఉజ్జాయింపుల సమర్థన | పని కొండంత |

## బూసినెస్క్ సమీకరణాలు: అందరూ మొదలుపెట్టే చోటు

సాంద్రత మార్పును ఉత్ప్లవన పదంలో తప్ప మిగతా అన్నిచోట్ల వదిలేయడం ఇందులోని కిటుకు. 1879లో ఓబెర్‌బెక్, 1903లో బూసినెస్క్ దీన్ని వాడారు. పది డిగ్రీల తేడాకు నీటి సాంద్రత 0.2 శాతం దరిదాపుల్లోనే మారుతుంది కాబట్టి ఉజ్జాయింపు సమంజసమే. అయితే 4 డిగ్రీల దగ్గరి నీటికి దీన్ని మామూలు రూపంలో వాడకూడదు. అక్కడ వ్యాకోచ గుణకం గుర్తు మారిపోతుంది.

స్థిరత్వం మీ ప్రశ్న అయితే ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. 1916లో రేలీ స్వేచ్ఛా తలాలకు (ద్రవం అడ్డులేకుండా జారే తలాలకు) సందిగ్ధ విలువను, అంటే కదలిక మొదలయ్యే రేలీ సంఖ్యను, కచ్చితంగా లెక్కగట్టాడు. π నాలుగో ఘాతాన్ని 27తో గుణించి 4తో భాగిస్తే వచ్చే 657.5 అది. రెండు వైపులా గట్టి గోడలుంటే అది 1,707.8. పైన చెప్పిన 5 మిల్లీమీటర్ల నీటి పొర ఒక డిగ్రీ తేడాకే ఈ గీతను దాటడం గమనించండి. ఇక్కడి గణితం ఎంత శుభ్రంగా ఉంటుందంటే, రేఖీయ సిద్ధాంతం ఇచ్చే హద్దు, పూర్తి అరేఖీయ శక్తి పద్ధతి ఇచ్చే హద్దు రెండూ ఒకటే. 1960ల మధ్యలో జోసెఫ్ దీన్ని స్పష్టం చేశాడు. అంటే ఆ గీతకు కింద ఎంత పెద్ద కుదుపు ఇచ్చినా ప్రవాహం చల్లారిపోతుంది. గొట్టంలో ప్రవాహం వంటి సమస్యల మీద పనిచేసేవాళ్లకు ఇలాంటి అదృష్టం లేదు.

ఒక పక్కమాట. ఈ కథ మొదలైన బెనార్డ్ ప్రయోగాల్లో, 1900 ప్రాంతంలో కనిపించిన అందమైన షట్కోణాలకు కారణం ప్రధానంగా ఉత్ప్లవనం కాదు. ఆ పలుచటి పొరల్లో తలతన్యత ఉష్ణోగ్రతతో మారడమే వాటిని నడిపిందని 1950ల్లో బ్లాక్, పియర్సన్ తేల్చారు. రేలీ గణితంలో తప్పు లేదు, అది వేరే ప్రయోగానికి సరిపోయే గణితం. నమూనా ఎంచుకునేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవడం మంచిది.

సాధన నునుపుదనం మీ ప్రశ్న అయితే త్రిమితీయ బూసినెస్క్‌ను మొదటి అంశంగా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఉష్ణోగ్రత పదాన్ని సున్నా చేస్తే మిగిలేది నావియర్–స్టోక్స్ సమీకరణం. 2000లో క్లే సంస్థ పదిలక్షల డాలర్ల బహుమతి ప్రకటించిన ప్రశ్న అందులో పూర్తిగా ఇమిడి ఉంది. 1934లో లెరే చూపిన బలహీన సాధనల దారి ఇక్కడా నడుస్తుంది, చిన్న ప్రారంభ విలువలకు నునుపైన సాధన ఎల్లకాలం ఉంటుంది. అంతకు మించి వెళ్లాలంటే వేడి కథ పక్కకుపోయి, ద్రవ గణితంలోని అతి కఠినమైన ముడి ఎదురవుతుంది.

## రెండు మితుల్లో బూసినెస్క్: అసలు ఆట ఇక్కడ

సాధనల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఇదే సరైన మైదానం. రెండు మితుల్లో సుడి తీవ్రత ఒకే సంఖ్యగా మారుతుంది, సుడులను సాగదీసి బలపరిచే పదం మాయమవుతుంది. మిగిలే మూలం ఒక్కటే, ఉష్ణోగ్రతకు అడ్డ దిశలో తీసుకున్న అవకలజం. కనుక ప్రశ్న అంతా ఉష్ణోగ్రత ప్రవణత ఎంత వేగంగా పెరుగుతుంది అన్నదానికి కుదించుకుపోతుంది.

స్నిగ్ధత, ఉష్ణ వ్యాపనం రెండూ ఉంటే జవాబు 1980 నాటికే ఉంది. ఒకటి తీసేస్తే? 2001లో మోఫట్ ఇలాంటి ప్రశ్నలను కొత్త శతాబ్దపు సమస్యల జాబితాలో చేర్చాడు. తర్వాతి కొన్నేళ్లలో, ఉష్ణ వ్యాపనం లేని సందర్భాన్ని హౌ, లీ 2005లో పరిష్కరించారు. రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలని డాంగ్‌హో చే 2006లో చూపాడు. నిలువు దిశలో మాత్రమే స్నిగ్ధత, వ్యాపనం ఉన్నా చాలని 2013లో కావ్, వూ నిరూపించారు. ఇలా ఒక్కొక్క పదాన్ని తీసేసి చూడటం కేవలం అలవాటు కాదు. ఏ పదం సాధనను కాపాడుతోందో అలా తప్ప మరోలా తెలియదు.

రెండూ తీసేస్తే బొమ్మ తిరగబడుతుంది. అప్పుడీ సమీకరణం, అక్షానికి దూరంగా చూసినప్పుడు, సుడితో కూడిన అక్ష సౌష్ఠవ త్రిమితీయ ఆయిలర్ (స్నిగ్ధత లేని) ప్రవాహాన్ని పోలి ఉంటుంది. గోడ దగ్గర విస్ఫోటం జరుగుతుందని 2014లో లువో, హౌ గణనలతో బలమైన సూచన ఇచ్చారు. మూల ఉన్న ప్రాంతాల్లో విస్ఫోటాన్ని ఎల్గిండి, జాంగ్ నిరూపించారు. 2022లో చెన్, హౌ నునుపైన ప్రారంభ విలువలతో, సరిహద్దు ఉన్న ప్రాంతంలో, కంప్యూటర్ సాయంతో నిరూపణ వెలువరించారు. ఆ నిరూపణ గోడను ఆసరాగా చేసుకుంటుంది. గోడలేని సమతలంలో ఏం జరుగుతుందో దాని నుంచి నేరుగా రాదు. వార్తల్లో చదివి ‘సమస్య తేలిపోయింది’ అనుకునేవాళ్లు తరచుగా మరిచిపోయే తేడా ఇది.

ఈ దారి ఎంచుకుంటే హార్మోనిక్ విశ్లేషణలోని పనిముట్లైన లిటిల్‌వుడ్–పేలీ విభజన, బెసోవ్ అంతరాళాలు నేర్చుకోక తప్పదు. విస్ఫోటం వైపు వెళితే కంప్యూటర్ లెక్కల దోషాన్ని హద్దుల్లో బంధించే అంతరాల అంకగణితం కూడా కావాలి. పోటీ తీవ్రంగా ఉంటుంది.

## అనంత ప్రాంట్ల్ నమూనా: వేడి లెక్కలకు నా మొదటి ఎంపిక

ద్రవం అతి చిక్కగా ఉంటే జడత్వ పదాలు ఎగిరిపోతాయి. వేగం తన చరిత్రను గుర్తుపెట్టుకోదు. ప్రతి క్షణం ఉష్ణోగ్రతను చూసి స్టోక్స్ సమీకరణం ద్వారా కొత్తగా నిర్ణయమవుతుంది. మూడు మితుల్లోనూ నునుపైన సాధన ఎల్లకాలం ఉంటుంది, కాబట్టి ఆ తలనొప్పి లేకుండా నేరుగా వేడి ప్రశ్నకు వెళ్లవచ్చు.

ఇక్కడి వాదం ఘాతాల గురించి. నుసెల్ట్ సంఖ్య రేలీ సంఖ్యకు ఏ ఘాతంగా పెరుగుతుంది? మూడో వంతు అన్న వాదం 1954లో మాల్కస్‌ది. అది నిజమైతే ప్రవహించే వేడి పొర మందం మీద ఆధారపడదు. సగం అన్నది 1962లో క్రైక్‌నాన్ వాదం, అందులో లాగరిథమ్ సవరణ ఉంది. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. రేలీ సంఖ్య 10 పక్కన 12 ఘాతం అయినప్పుడు మొదటిది 10 వేలు ఇస్తుంది, రెండోది 10 లక్షలు. నక్షత్రాల్లోనో సముద్రాల్లోనో వేడిని లెక్కగట్టేవాళ్లకు వంద రెట్ల తేడా చిన్న విషయం కాదు.

సాధారణ ప్రాంట్ల్ సంఖ్యకు, గట్టి గోడల మధ్య, నిరూపితమైన ఎగువ హద్దు సగం ఘాతమే. 1996లో డోరింగ్, కాన్‌స్టాంటిన్ ‘నేపథ్య క్షేత్రం’ పద్ధతితో దాన్ని సాధించారు. అనంత ప్రాంట్ల్‌లో మాత్రం మూడో వంతుకు దాదాపుగా చేరుకున్నాం. 1999లో అదే జంట లాగరిథమ్ సవరణతో మొదలుపెట్టింది. 2011లో ఒట్టో, సైస్ ఆ సవరణను లాగరిథమ్‌కు లాగరిథమ్ వరకు తగ్గించారు. ఒక పద్ధతి ఎంతవరకు వెళ్లగలదో, ఎక్కడ ఆగుతుందో చూడటానికి ఇంత చక్కని చోటు మరొకటి లేదు. ఇందులో నిష్ణాతులు కావాలంటే కలన గణితం, గోడ దగ్గరి పలుచటి పొరల మీద సూక్ష్మ అంచనాలు చాలు. శక్తి పద్ధతి తెలిసిన విద్యార్థి మూలవ్యాసాల్లోకి ఇబ్బంది లేకుండా దిగగలడు.

దీని లోపం సూటిగానే ఉంది. ప్రావారం వంటి వాటికి తప్ప ఇక్కడి ఫలితాన్ని గాలికి, నీటికి మోసుకుపోలేం.

## సచ్ఛిద్ర మాధ్యమం: పట్టించుకోని మంచి ఎంపిక

ఇసుక లాంటి రంధ్రాలున్న పదార్థంలో ద్రవం డార్సీ నియమం ప్రకారం కదులుతుంది. వేగం పీడన ప్రవణతకు, ఉత్ప్లవనానికి నేరుగా అనులోమం. 1945లో హార్టన్, రోజర్స్, 1948లో లాప్‌వుడ్ సందిగ్ధ విలువ లెక్కగట్టారు. అది π వర్గానికి నాలుగు రెట్లు, అంటే 39.5. చేత్తో ఒక పుటలో చేయగల లెక్క.

ఉష్ణ వ్యాపనం ఉంటే గరిష్ఠ సూత్రం (ఉష్ణోగ్రత తన ప్రారంభ, సరిహద్దు విలువలను మించదన్న నియమం) ఉష్ణోగ్రతను కట్టేస్తుంది, ఉష్ణోగ్రత వేగాన్ని కట్టేస్తుంది, కథ ముగుస్తుంది. వేడి విషయంలోనూ ఇక్కడ అరుదైన పొత్తు కుదిరింది. నిరూపితమైన ఎగువ హద్దు రేలీ సంఖ్యకు అనులోమంగా ఉంది. 2012లో హ్యూయిట్, న్యూఫెల్డ్, లిస్టర్ చేసిన ద్విమితీయ గణనలూ అనులోమ పెరుగుదలనే చూపాయి. సిద్ధాంతం, గణన ఒకే ఘాతం దగ్గర కలవడం సంవహన రంగంలో నిత్యం జరిగేది కాదు.

వ్యాపనం తీసేసి చూడండి, అదే సమీకరణం పులిలా మారుతుంది. 2011లో కోర్డోబా, ఫరాకో, గాన్సేడో బలహీన సాధనలకు ఏకైకత లేదని చూపారు. నునుపైన సాధనల భవితవ్యం చాలా కాలంగా నిపుణులను వేధిస్తున్న ప్రశ్న. అంటే సులువైన గది, కష్టమైన గది ఒకే ఇంట్లో ఉన్నాయి. పరిశోధన మొదలుపెట్టే వ్యక్తికి ఇంతకన్నా అనుకూలమైన చోటు నాకు తోచడం లేదు.

## మిగిలిన మూడు, క్లుప్తంగా

ప్రిమిటివ్ సమీకరణాలు సముద్రం, వాతావరణం వంటి పలుచటి విస్తారమైన పొరలకు రాసినవి. నిలువు దిశలో గురుత్వం, పీడనం సమతుల్యంలో ఉన్నాయని ఇవి ఒప్పుకుంటాయి. 2007లో కావ్, టిటి మూడు మితుల్లో వీటికి ఎల్లకాలపు నునుపైన సాధనను నిరూపించారు. తెలియని ఉపరితల పీడనం అడ్డ దిశల మీదే ఆధారపడటం ఆ నిరూపణకు వీలు కల్పించింది. నావియర్–స్టోక్స్ కన్నా ‘కష్టంగా’ కనిపించిన నమూనా సులువుగా తేలడం ఆ రోజుల్లో పలువురిని ఆశ్చర్యపరిచింది. స్నిగ్ధత పూర్తిగా తీసేస్తే మాత్రం ఇందులో పరిమిత కాలంలో విస్ఫోటం జరగవచ్చని 2015లో రుజువైంది.

లోరెంజ్ మూడు సమీకరణాలు 1963 నాటివి, సాల్ట్జ్‌మన్ చేసిన కుదింపు నుంచి పుట్టాయి. ప్రామాణిక విలువల్లో ప్రాంట్ల్ సంఖ్య 10, రేలీ సంఖ్యకు దాని సందిగ్ధ విలువతో ఉన్న నిష్పత్తి 28. స్థిర స్థితులు ఆ నిష్పత్తి 24.74 దగ్గర స్థిరత్వం కోల్పోతాయి. సాధనలన్నీ చివరకు చేరి తిరుగాడే ‘వింత ఆకర్షకం’ నిజంగా ఉందని టకర్ 1999లో కంప్యూటర్ సాయంతో నిరూపించాడు. ఇది గందరగోళాన్ని చదవడానికి బంగారం లాంటిది, సంవహనాన్ని చదవడానికి కాదు. నిష్పత్తి ఒకటికి కాస్త పైన ఉన్నంతవరకే ఆ కుదింపు నిజానికి దగ్గర. ద్విమితీయ గణనలో తగినన్ని తరంగాలు చేర్చితే ఆ గందరగోళం మాయమవుతుందని 1984లో కరీ బృందం చూపింది.

పూర్తి సంపీడ్య సమీకరణాలు తీసుకోవడానికి నాకు కనిపించే మంచి కారణం ఒకటే, ఉజ్జాయింపులకు పునాది వేయడం. ఫైరైజల్, నవోత్నీ బలహీన సాధనల ద్వారా ఆ పని చేశారు. అందులోనూ ఒక మలుపు ఉంది. 2023లో బెల్లా, ఫైరైజల్, ఓష్‌మన్ సరిహద్దు ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచి, సంపీడ్య సమీకరణాల నుంచి వచ్చే అవధిని లెక్కగట్టారు. మనం రోజూ రాసే బూసినెస్క్ రాలేదు. ఉష్ణోగ్రత సరిహద్దు నియమంలో ప్రాంతమంతటి సగటు మీద ఆధారపడే అదనపు పదం ఒకటి వచ్చింది. నూరేళ్లకు పైగా వాడుతున్న సమీకరణంలో ఇంకా ఇలాంటిది మిగిలి ఉందంటే, సమర్థన అన్నది పాండిత్య ప్రదర్శన కాదన్నమాట.

## ఎవరికి ఏది

స్నాతకోత్తర ప్రాజెక్టుకు సమయం తక్కువ. సచ్ఛిద్ర మాధ్యమంలో స్థిరత్వం తీసుకోండి. మొదట రేఖీయంగా, తర్వాత శక్తి పద్ధతితో చేసి రెండు హద్దులూ కలుస్తాయో లేదో చూడండి. మాధ్యమం గుణాలు లోతుతో మారితే ఏమవుతుందో అడిగితే కొత్త లెక్క కూడా దొరుకుతుంది.

విశ్లేషణలో పీహెచ్‌డీ చేసేవాళ్లకు ద్విమితీయ బూసినెస్క్ పాక్షిక స్నిగ్ధతతో, లేదా వ్యాపనం లేని సచ్ఛిద్ర మాధ్యమం. మొదటిదానిలో పనిముట్లు నిండుగా ఉన్నాయి, రద్దీ కూడా అంతే. రెండోదానిలో దారులు తక్కువ, కానీ నడిచేవాళ్లూ తక్కువ. మార్గదర్శికి ఏది బాగా వచ్చు అన్నదే నిజానికి ఇక్కడ తీర్పు చెబుతుంది.

భౌతిక శాస్త్రం నుంచి వచ్చి వేడి హద్దుల మీద ఆసక్తి ఉన్నవాళ్లు అనంత ప్రాంట్ల్‌తో మొదలుపెట్టి పరిమిత ప్రాంట్ల్ వైపు నడవడం మేలు. గణనలు చేసే ఇంజనీరుకు బూసినెస్క్ చాలు, కానీ ఉష్ణోగ్రత తేడా సగటు ఉష్ణోగ్రతలో గణనీయమైన భాగమైతే, ముఖ్యంగా వాయువుల్లో, సంపీడ్యత వైపు వెళ్లక తప్పదు.

ఏ నమూనా ఎంచుకున్నా, సరిహద్దు నియమాన్ని కూడా నమూనాలో భాగంగానే రాసుకోండి. స్వేచ్ఛా తలం నుంచి గట్టి గోడకు మారితే సందిగ్ధ విలువ 657.5 నుంచి 1,707.8 అవుతుందని చూశాం. గట్టి గోడలనే ఉంచి, స్థిర ఉష్ణోగ్రతకు బదులు స్థిర ఉష్ణ ప్రవాహం పెడితే అది 720కి పడిపోతుంది, పైగా అక్కడ మొదట చెదిరే అల అనంతమైన పొడవు గలది. ద్విమితీయ స్వేచ్ఛా తలాలకు వైట్‌హెడ్, డోరింగ్ 2011లో ఇచ్చిన వేడి హద్దు ఘాతం పన్నెండింట అయిదు, సగం కన్నా తక్కువ. గోడ గట్టిదైతే ఆ నిరూపణ నడవదు, ఎందుకంటే గోడ మీద పుట్టే సుడి తీవ్రతకు అందులో అంచనా లేదు. ఎవరైనా ఒక సిద్ధాంతాన్ని చూపి ఇది మీ సమస్యకు వర్తిస్తుందంటే, మొదట తెరవవలసింది ఆ వ్యాసంలో సరిహద్దు నియమాలు రాసిన పుట.